మన ‘ర’లో ఉంది వాళ్ల ‘ట’

గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాసం, ఇబ్రహీంపట్నం



గిడుగు వారి పేరు మీద జరిగే సభలో, అమెరికావాళ్లు ‘వాటర్’ అనే మాటను ఎలా పలుకుతారో చెబుతానన్నాను. తెలుగు భాషా దినోత్సవం నాడు ఇంగ్లీషు ఉచ్చారణ గొడవ మనకెందుకని కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. నా జవాబు గిడుగు జీవితంలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. నేర్చుకోవాలంటే చెవి ఒక్కటే దారి. సవర మాట్లాడగల మనిషిని ఇంటికి పిలిపించుకుని, కొండలెక్కి, వాళ్ల మధ్య కూర్చుని, విన్నది విన్నట్టు రాసుకున్నారు. ఆ అడవుల్లో మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైను ఆయన వినికిడిని దెబ్బతీసింది. చెవితో భాష నేర్చిన మనిషి ఆ భాష కోసమే చెవులు పోగొట్టుకున్నారు. అయినా మానలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం అచ్చయింది. ఆ తర్వాత నిఘంటువు వచ్చింది.

ఇంకో సంగతి మనం తరచూ మరిచిపోతాం. వ్యావహారిక భాషోద్యమం మొదలైన చోట ఇంగ్లీషు బోధన కూడా ఉంది. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్, పిల్లలకు ఇంగ్లీషును నోటి మాటగా ముందు నేర్పి, పుస్తకాన్ని తర్వాత అందించాలన్న పద్ధతి మీద పట్టుదల ఉన్నవాడు. మరి తెలుగును ఎందుకలా నేర్పడం లేదన్న ప్రశ్న అక్కడ పుట్టింది. విశాఖలో పి. టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. భాష అంటే ముందు నోటి మాట, రాత దాని వెనకే రావాలి అన్న ఒక్క సూత్రాన్ని ఆయన సవరకూ తెలుగుకూ సమానంగా వర్తింపజేశారు. దాన్నే ఇవాళ ఇంగ్లీషుకు వర్తింపజేయబోతున్నాను. ఆయన పేరు మీద ఈ విషయం మాట్లాడటం నాకు సబబుగానే తోస్తోంది.

ఈ ఊళ్లో మాట్లాడటానికీ కారణం ఉంది. ఇబ్రహీంపట్నంలోని ‘ఇబ్రహీం’ పరభాషా శబ్దాన్ని మన నోరు ఎలా మలుచుకుందో చెప్పే పేరు. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా, అంతకుముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు ఒంటబట్టించుకుని వచ్చాడు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ ఆయనకే అంకితమిచ్చాడు. మన కవులు ఆయన్ని మలిక్ ఇబ్రహీం అని పిలవలేదు. ‘మల్కిభరాముడు’ అన్నారు. అరబ్బీ హకారం వెళ్లి ముందున్న బకారంలో కలిసింది. రాముడు కూడా ఆ పేరులోకి వచ్చి కూర్చున్నాడు. అది ఎగతాళి కాదు, అజ్ఞానమూ కాదు. తమ ప్రభువును తమ నోటితో పిలుచుకోవడం. ఆయన దానికి నొచ్చుకున్న దాఖలా లేదు, ఆదరించాడు.

ఇంగ్లీషువాళ్లూ మన మాటల్ని ఇలాగే చేశారు. మచిలీపట్నం మసూలిపటం అయింది, విశాఖపట్నం వైజాగపటం అయింది. మన పందికొక్కు వాళ్ల నోట ‘బాండికూట్’ అయి, ఆ పేరుతో ఆస్ట్రేలియా దాకా పోయి, అక్కడ వేరే జంతువు మీద వాలింది. మాట సరిహద్దు దాటితే రూపు మారుతుంది. ఇది అన్ని దిక్కులా జరిగే పని. మనం మారిస్తే తప్పు, వాళ్లు మారిస్తే చరిత్ర అనుకునే అలవాటు మాత్రం మానుకోవాలి.

ఇప్పుడు వాటర్ దగ్గరికి వద్దాం. సాగర్ రోడ్డు పొడవునా ఉన్న ఈ ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలకు ఇది సరదా విషయం కాదు. పక్కనే ఆదిబట్లలో టీసీఎస్ క్యాంపస్ ఉంది. అక్కడే టాటా, బోయింగ్ కలిసి అపాచీ హెలికాప్టర్ల బాడీలు చేస్తున్నాయి. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడు ఏ దేశం నుంచీ అంతమంది లేరు. అందులో మన పిల్లలు ఎంతమందో మీ వీధుల్లో లెక్కపెట్టుకున్నా కొంత తెలుస్తుంది. వెళ్లినవాళ్లే కాదు, ఇక్కడే ఉండి రోజూ సాయంత్రం అమెరికా క్లయింటుతో కాల్‌లో కూర్చునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఎదుటివాళ్లు చెప్పింది వినపడాలి, వీళ్లు చెప్పింది వాళ్లకు అందాలి.

మీరంతా ఒక్కసారి ‘వారు’ అనండి. తొందర లేదు, నాలుకను గమనిస్తూ అనండి. నడుమ ఏం జరిగింది? నాలుక కొస పైపళ్ల వెనకున్న చిగురు గట్టును ఒక్క తట్టు తట్టి వెనక్కి వచ్చింది. గొంతులో నాదం ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు ‘వాటా’ అనండి. నాలుక వెనక్కి మడతపడి అంగిట్లో ఆనింది, గాలి ఒక క్షణం పూర్తిగా నిలిచింది, నాదమూ నిలిచింది. అమెరికా మనిషి మామూలుగా మాట్లాడుతూ ‘వాటర్’ అన్నప్పుడు నడిమి ‘ట’కు చేసేది ఈ రెండో పని కాదు, మొదటిది. మన ‘వారు’లోని రకారమే వాళ్ల ‘వాటర్’లోని టకారం. ‘సిటీ’, ‘బెటర్’, ‘మీటింగ్’, ‘డేటా’, ‘కంప్యూటర్’ అన్నింటిలోనూ అదే తట్టు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి తరం ఉస్మానియాలో భాషాశాస్త్ర విభాగాన్ని నిలబెట్టినప్పటి నుంచి మన ధ్వనుల వర్ణనలు ఉన్నాయి, అమెరికన్ ధ్వనుల వర్ణనలూ ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించే పని మాత్రం తరగతి గదిలో జరగడం లేదు.

ఇంకా చిత్రమైంది మాట చివర ఉంది. ‘వాటర్’ చివరి ‘ర్’ దగ్గర మన నాలుక మళ్లీ తడుతుంది, కొందరికి కంపిస్తుంది కూడా. అమెరికా మనిషి నాలుక కొస అక్కడ దేన్నీ తాకదు. కొస పైకి మడిచో, నడుము పైకెత్తో, నోటి మధ్యలో అలా నిలిచి ఉంటుంది. కాబట్టి లెక్క ఇలా తేలుతుంది. వాళ్ల ‘ట’ మన ‘ర’. వాళ్ల ‘ర’ మాత్రం మన ‘ర’ కాదు. సాధన చేయవలసింది రెండోదానికి. మొదటిది పుట్టుకతో మన నోట్లో ఉంది.

తట్టు బదులు ‘గోడ’లోని డకారంతో ‘వాడర్’ అన్నా ఫరవాలేదు. గోడ, ఏడు, వాడు అనేటప్పుడు మనం డకారాన్ని గట్టిగా ఆపం, నాలుకను కొద్దిగా మడిచి విసిరేస్తాం. అదీ తట్టే, చోటు కాస్త వెనక. వినేవాళ్లకు అందుతుంది.

మరి వాళ్లు రాసింది ఒకటీ పలికేది ఒకటీ ఏమిటి, సోమరితనమా అని పిల్లలు అడుగుతుంటారు. ఇక్కడే తెలుగు వ్యాకరణం మన చేయి పట్టుకుంటుంది. అన్న, తమ్ముడు కలిస్తే ఏమంటాం? అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. టక్కు, టెక్కు కలిస్తే టక్కుడెక్కులు. పదో తరగతి దాటిన ప్రతి విద్యార్థికీ దీని పేరు తెలుసు, గసడదవాదేశం. చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో దీన్ని సూత్రం చేశాడు. రెండు అచ్చుల నడుమ చిక్కిన పరుషం మెత్తబడుతుంది. నాదం నడుస్తున్న దారిలో దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టడం కంటే, నడుస్తున్నది నడవనివ్వడమే నోటికి సుఖం. అమెరికా ఇంగ్లీషులో టకారానికి జరిగేది ఇదే. మనం దాన్ని సంధి అన్నాం, సూత్రం రాశాం, పరీక్షల్లో మార్కులు వేశాం. అదే పని ఇంకొకరి భాషలో జరిగితే సోమరితనం అని ఎలా అంటాం?

సంధికి నియమం ఉన్నట్టే వాళ్ల తట్టుకూ నియమం ఉంది. మాట నడుమ టకారం తర్వాత వచ్చే అచ్చు మీద ఊనిక, అంటే ఒత్తి పలకడం, ఉండకూడదు. ‘ఆటమ్’ అన్నప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద, కాబట్టి టకారం మెత్తబడి ‘ఆరమ్’లా వినిపిస్తుంది. ‘అటామిక్’ అన్నప్పుడు ఊనిక ‘టా’ మీద, అక్కడ టకారం గట్టిగా, కొంచెం ఊపిరితో వస్తుంది. ‘పొటేటో’లో మొదటి టకారం గట్టిది, రెండోది తట్టు. ‘హోటెల్’లో వాళ్ల ఊనిక రెండో భాగం మీద ఉంటుంది కనుక అది ఎప్పుడూ తట్టు కాదు. ఈ తట్టు మాటల హద్దు కూడా దాటుతుంది, అక్కడ మాత్రం తర్వాతి అచ్చు మీది ఊనిక అడ్డు రాదు. ‘నాట్ ఎట్ ఆల్’ అన్న మూడు మాటలు కలిసి ‘నారరాల్’ అని ఒక్క మాటలా మన చెవిన పడతాయి. మనవాళ్లు మొదటి నెలల్లో ఏమీ అర్థం కావడం లేదని దిగులుపడేది ఇలాంటి చోట్లే. మాటలు తెలియక కాదు, సంధి తెలియక.

మొదటి అక్షరం సంగతి చెప్పకుండా వదిలితే తప్పవుతుంది. ఇంగ్లీషులో రెండు వకారాలు ఉన్నాయి. ఒకటి పైపళ్లు కింది పెదవికి రాసుకుంటూ పలికేది. రెండోది పెదవులు రెండూ గుండ్రంగా ముడిచి, పళ్లు తగలకుండా పలికేది. మన ‘వ’ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. పైగా తెలుగుకు ఒకార, ఉకారాల ముందు వకారం నిలవదు. అందుకే వాళ్ల ఓటు మనకు ‘ఓటు’ అయింది, ఉన్ని దారం ‘ఊలు’ అయింది. పళ్ల వకారంతో మొదలయ్యే మాటా, పెదవుల వకారంతో మొదలయ్యే మాటా రెండూ మన దగ్గర వకారాన్ని వదిలేసుకున్నాయి. బ్రిటిష్ పద్ధతి మంచిదని కొందరు పెద్దలు ‘వోటర్’ అని నేర్పుతారు. మన వకారంతో ‘వోటర్’ అని అడిగితే అమెరికాలో వినేవాళ్లకు ఓటు వేసే మనిషి గుర్తుకు రావచ్చు. నిజానికి మన ‘వాటర్’లోని ఆకారం లండన్ ఓకారం కంటే అమెరికా అచ్చుకే దగ్గర. దాన్ని మార్చుకోనక్కరలేదు. పెదవులు ముడిచి మొదలుపెడితే చాలు.

ఇదంతా ఒక్క మాట గురించే అయితే ఇంత సేపు మిమ్మల్ని కూర్చోబెట్టను. దప్పికైనవాడికి చేత్తో చూపించినా నీళ్లు ఇస్తారు. అసలు ప్రమాదం అంకెల్లో ఉంది. ముప్ఫైని ‘థర్టీ’ అంటారు, పదమూడును ‘థర్టీన్’ అంటారు. మన ఇంగ్లీషులో అక్షరాలన్నీ ఒకే బరువుతో నడుస్తాయి కాబట్టి ఈ రెంటికీ తేడా చివరి నకారం ఒక్కటే. అమెరికా చెవి ఆ నకారం కోసం చూడదు. ఊనిక కోసం చూస్తుంది. ముప్ఫైలో ఊనిక ముందు, కనుక టకారం తట్టుగా మారి ‘థర్రీ’కి దగ్గరగా ఉంటుంది. పదమూడులో ఊనిక చివర, కనుక టకారం గట్టిగా నిలబడుతుంది. నలభై, పద్నాలుగు మధ్యా ఇదే. యాభైలో తట్టు ఉండదు కానీ, యాభై, పదిహేను మధ్య ఊనిక తేడా ఇదే. మందు మోతాదు చెప్పే నర్సుకు, డెలివరీ తేదీ చెప్పే ఇంజనీరుకు, ధర ఒప్పుకునే వ్యాపారికి ఈ తేడా ఉచ్చారణ నాజూకు కాదు, పని.

అంతకంటే పెద్దది ‘చేయగలను’, ‘చేయలేను’ అనే రెండు మాటల తేడా. మనం ‘ఐ క్యాన్ డూ’ అని ‘క్యాన్’ను ఒత్తి చెబుతాం, భరోసా ఇవ్వడానికి. అమెరికా మనిషి చేయగలను అనేటప్పుడు ఆ మాటను దాదాపు మింగేస్తాడు, ‘కన్’ అని తేల్చేస్తాడు, ఒత్తంతా ‘డూ’ మీద పెడతాడు. చేయలేను అనేటప్పుడే ‘క్యాన్’ అని నిండుగా పలుకుతాడు, చివరి టకారం వినపడీ వినపడనట్టు గొంతులో ఆగిపోతుంది. అంటే మనం భరోసాగా చెప్పిన ‘చేయగలను’ వాళ్లకు ‘చేయలేను’ అని వినపడే అవకాశం ఉంది. కాల్ చివర ‘అయితే మీవల్ల కాదంటారా’ అని వాళ్లు అడిగితే మనవాళ్లు తెల్లబోతారు. తెలివికీ చదువుకూ దీనితో సంబంధం లేదు. ఒక్క ఊనిక తెలియకపోవడం.

గొంతులో ఆగిపోయే ఆ టకారం కూడా గిడుగు వారికి కొత్త కాదు. అమెరికన్లు ‘బటన్’ అనేటప్పుడు నడుమ నాలుక తట్టదు, గొంతు ఒక్కసారి మూతబడి తెరుచుకుంటుంది. తెలుగులో ఆ ధ్వనికి అక్షరం లేదు. సవరలో ఆ ధ్వని మాటమాటకూ వస్తుంది. తన భాషలో లేని ఆ శబ్దాన్ని గిడుగు చెవితో పట్టుకున్నారు, దానికి గుర్తు పెట్టుకున్నారు. లిపిలో లేనిది భాషలో లేదనుకునే పండితుడైతే దాన్ని వినేవాడే కాదు.

మన నగరంలో ఈ పని గురించి ఆలోచించినవాళ్లు లేక కాదు. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, ఇవాళ్టి ఇఫ్లూ అదే. అక్కడ పనిచేసిన ఆర్. కె. బన్సల్, భారతీయులు మాట్లాడే ఇంగ్లీషు బయటివాళ్లకు ఎంత అర్థమవుతుందో పరిశోధించి 1969లో పుస్తకం ప్రచురించారు. ఊనిక తప్పు చోట పడటాన్ని ఆయన పెద్ద అడ్డంకుల్లో ఒకటిగా చూపించారు. ఆ మాట చెప్పి యాభై ఏళ్లు దాటింది. 1995లో కెనడాలో ముర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ ఇంకో ముఖ్యమైన సంగతి తేల్చారు. యాస బలంగా ఉండటం వేరు, అర్థం కాకపోవడం వేరు. చాలా బరువైన యాసతో పలికిన వాక్యాన్ని కూడా విన్నవాళ్లు అక్షరం పొల్లుపోకుండా రాయగలిగారు. అంటే యాస పోతేనే అర్థమవుతుందన్నది నిజం కాదు.

అయినా మన సాంకేతిక విద్యలో ఇంగ్లీషు ల్యాబు లక్ష్యాల్లో ‘మాతృభాష ప్రభావాన్ని తటస్థం చేయడం’ అని రాసుకుంటున్నాం. ఆ మాట చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. నేను ఇంతసేపు చెప్పింది చూడండి. అమెరికన్ టకారం మన ‘వారు’లో ఉంది. అది మెత్తబడే నియమం మన సంధిలో ఉంది. మాటల్ని కలిపి పలకడం మనకు పద్యం చదివిన నాటి నుంచి అలవాటు. ఇన్ని పనిముట్లు ఇచ్చిన మాతృభాషను జబ్బులా చూసి దాని ప్రభావం తగ్గిస్తామనడం ఏం చదువు? పిల్లవాడు మొదటి రోజే తన నోరు తప్పు నోరని నమ్ముతాడు. నమ్మినవాడు నోరు తెరవడు. తెరవని నోటికి ఏ ల్యాబూ ఏమీ నేర్పలేదు.

ఈ ప్రాంతపు పిల్లలకు ఈ అవమానం రెండోసారి జరుగుతోంది. యాచారం నుంచో మంచాల నుంచో వచ్చిన పిల్ల ‘నాయిన ఉన్నడు’ అంటే నవ్విన తరగతులు ఉండేవి. తెలంగాణ మాటను సినిమాల్లో ఏళ్ల తరబడి రౌడీకీ హాస్యగాడికీ కేటాయించారు. ఇప్పుడు కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, సంతోషం. కానీ అదే పిల్ల ఇంగ్లీషు తరగతిలోకి అడుగుపెట్టగానే మళ్లీ మొదటికొస్తోంది. తెలుగులో నీ యాస తప్పన్నవాళ్లే ఇంగ్లీషులోనూ తప్పంటున్నారు. అమీర్‌పేటలో ‘అమెరికన్ యాక్సెంట్’ అని బోర్డు పెట్టి అమ్మేవాళ్లు ఈ సిగ్గు మీదే బతుకుతున్నారు. వాళ్లు అమ్మేది ఎక్కువగా ముక్కుతో సాగదీయడం, లేని చోట రకారాలు దొర్లించడం. ఊనిక గురించి, వినడం గురించి ఒక్క పాఠం ఉండదు.

అసలు ‘అమెరికన్ యాస’ అని ఒక్కటి ఉందా? ఫిలడెల్ఫియాలో పుట్టినవాళ్లు వాటర్‌ను ‘వుడర్’ అంటారు. దక్షిణాదివాళ్ల అచ్చులు వేరు, న్యూయార్కు పాతకాపుల పలుకు వేరు. ఇంగ్లండు నుంచి వెళ్లినవాళ్లు ‘వోట’ అని మంచినీళ్లు అడిగి, రెండోసారి చెప్పాల్సి రావడమూ మామూలే. 2020లో వచ్చిన ఒక అధ్యయనం అమెజాన్, యాపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్‌ల మాట గుర్తుపట్టే యంత్రాలను పరీక్షించింది. తెల్లవాళ్లు మాట్లాడితే సగటున నూటికి 19 మాటలు తప్పుగా గుర్తించిన ఆ యంత్రాలు, నల్లజాతి అమెరికన్లు మాట్లాడితే 35 తప్పుగా గుర్తించాయి. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్ల మాటే ఆ గడ్డ మీది యంత్రానికి అందలేదు. తప్పు నోటిది కాదు, ఆ నోటిని విననివ్వకుండా యంత్రానికి చదువు చెప్పినవాళ్లది. ఇప్పుడు ఫోనులో మాట్లాడుతుండగానే మన యాసను మార్చి అవతలివాళ్లకు వినిపించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వ్యాపారానికి అవి పనికొస్తాయేమో. మనిషి గొంతును అతనికి తెలియని గొంతుగా మార్చి వినిపించడం నాకు మాత్రం సమ్మతం కాదు.

హైదరాబాదులో పుట్టి పెరిగి 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ల ఉపన్యాసాలు వినండి. ఆ ఇంగ్లీషులో హైదరాబాదు ఉంది. ఊనిక మాత్రం చోటు తప్పదు. వాక్యంలో ఏ మాట మీద బరువు పెట్టాలో ఆ మాట మీదే పెడతారు. విద్యార్థులు అనుకరించవలసింది ఏదైనా ఉంటే అది.

కాబట్టి నేర్పడం ఎలా అన్నది మిగిలింది. పలకడం కంటే ముందు వినడం నేర్పాలి. వినని ధ్వని నోటికి రాదు. లండన్ ఉచ్చారణలోని 44 ధ్వనుల పట్టికను గోడకు తగిలించి వల్లె వేయిస్తున్నాం. ఆ పట్టికలో తట్టు టకారం ఎక్కడా లేదు. అదే తరగతిలో ఒక అమెరికా వార్తా ప్రసారం నుంచో, ఒక మామూలు సంభాషణ నుంచో రెండు నిమిషాలు వినిపించి, ఎక్కడెక్కడ టకారం మెత్తబడిందో గీత పెట్టమంటే పిల్లలు వారంలో పట్టేస్తారు. ఆ తర్వాత ఊనిక, అంకెలు, చేయగలను చేయలేను. ముక్కుతో పలకడం ఎవరికీ నేర్పనక్కరలేదు. తట్టుతో పలకాలా వద్దా అన్నది కూడా ఎవరిష్టం వారిది. స్పష్టంగా, పెదవులు ముడిచి, ఊనిక ముందు పెట్టి మన టకారంతోనే ‘వాటర్’ అన్నా ఏ అమెరికావాడికైనా అర్థమవుతుంది. వాళ్లు పలికింది మనకు అర్థం కావడానికే ఆ తట్టు తప్పనిసరిగా తెలిసి ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లలకు ఇంగ్లీషు రావాలని ఇంట్లో తెలుగు మాన్పించకండి. ఇంట్లో తెలుగు పోయిన పిల్లవాడికి ‘వారు’ అనే మాటా పోతుంది, గోడ అనే మాటా పోతుంది, వాటితో పాటు నేను చెప్పిన పనిముట్లన్నీ పోతాయి. వాడికి మిగిలేది ఎవరో అరకొరగా నేర్పిన ఇంగ్లీషు ఒక్కటే.

చివరిగా, ఈ సభకు వచ్చిన కాలేజీల యాజమాన్యాలకు, ఇంగ్లీషు విభాగాల అధిపతులకు నా విన్నపం ఇది. ఈ సంవత్సరం మొదటి ఏడాది విద్యార్థుల ఇంగ్లీషు ల్యాబులో మొదటి పాఠం గసడదవాదేశంతో మొదలుపెట్టండి. ఆ గంటకు దగ్గర్లోని జూనియర్ కాలేజీ నుంచి ఒక తెలుగు అధ్యాపకుణ్ణి పిలవండి. ఇద్దరూ కలిసి ఒకే బోర్డు మీద అన్నదమ్ములు పక్కన వాటర్ రాసి చెప్పండి. మీ లక్ష్యాల పత్రంలో మాతృభాష ప్రభావాన్ని తటస్థం చేయడమన్న వాక్యాన్ని కొట్టేసి, మాతృభాషను ఆధారం చేసుకుని నేర్పడమని రాయండి.